తొంభై అయిదు దగ్గర

"చేతుల్లోనా, కూర్చున్న చోటా?"
ఎవరొచ్చినా మొదట అదే అడుగుతాను.
స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు,
సీటు వణికితే వెనకవి.
"పళ్ళల్లో," అంది అర్పెనిక్.
ఇరవై రెండేళ్ళుగా వనాజోర్‌లో టైర్లు విప్పుతున్నాను,
ఆ జవాబు వినడం ఇదే మొదలు.

బూడిదరంగు పాత ఓపెల్.
వెనక సీట్లో మంత్రసాని సంచీ, మడతపెట్టిన తువ్వాళ్ళు,
పసివాళ్ళను గుడ్డలో వేలాడదీసి తూచే
కొక్కెం తక్కెడ.

"నువ్వే నడుపు, నేను వింటాను."
స్పితాక్ వైపు తిన్నని రోడ్డు.
డెబ్బై. ఏమీ లేదు.
ఎనభై. అద్దంలో వెనక కొండల అంచు చెదిరింది.
తొంభై అయిదు.
గ్లాసులో కాఫీ వలయాలు తిరిగింది,
తలుపు అరలో చిల్లర గొణుక్కుంది,
మాట్లాడబోతే నా గొంతు నాకే మేకపిల్లది అనిపించింది.
నూట పది. అంతా సద్దుమణిగింది.
"చూశావా, పోయింది!"
పోలేదమ్మా. దాన్ని దాటి వచ్చాం, అంతే.
తిరిగి వెళ్ళేటప్పుడు అక్కడే నిలబడి ఉంటుంది.

న్యూట్రల్‌లో వెయ్యమన్నాను. వణుకు వణుకే.
ఇంజిన్ తప్పేమీ లేదు.
బ్రేకు మెత్తగా తొక్కమన్నాను. పెరగలేదు.
డిస్కుల తప్పూ లేదు.
ఇక మిగిలినవి నాలుగు,
నల్లగా, గుండ్రంగా,
ఏ పాపమూ ఎరగనట్టు.

మా హ్మాయాక్ మామ ఎప్పుడూ అంటాడు,
సీసం ముక్కలంటించు, డబ్బు తీసుకో, పంపెయ్.
అంటించాను, ముప్పై అయిదు గ్రాములు, వెనక ఎడమదానికి.
మిషన్ మీద సున్నా వెలిగింది.
మళ్ళీ రోడ్డెక్కాం. మళ్ళీ పళ్ళు.
తూకం కుదిరితే గుండ్రమైపోతుందా ఏమిటి?

అందుకే సుద్దముక్క.
చక్రాన్ని మెల్లగా తిప్పుతూ
వెంట్రుకవాసి దూరంలో సుద్ద పట్టుకుని కూర్చున్నాను.
తిరిగింది, తిరిగింది, తాకలేదు.
అప్పుడు ఒక్కచోట,
*సర్*.
మళ్ళీ చుట్టు. మళ్ళీ అక్కడే *సర్*.
అంగుళమంత తెల్ల గీత.

లోపలి తీగలు తెగి రబ్బరు ఉబ్బింది.
అర్పెనిక్ వంగి బొటనవేలితో తడిమింది,
కడుపులో తల ఎటుందో చూసే వేలు అది.
తొందరపడలేదు.
"దెబెద్ లోయ," అంది కాసేపటికి.
"ఫిబ్రవరి. ద్సెఘ్ మలుపు. మంచు కింద గుంట.
దభీమన్న చప్పుడు విన్నాను.
దిగి చూద్దామంటే పైన నీళ్ళు అప్పటికే కాగుతున్నాయి."
ఆగింది.
"ఆడపిల్ల. మూడు కిలోల నూటయాభై.
మొన్న చూశాను, కింద రెండు పళ్ళొచ్చాయి."

నేను వేళ్ళు లెక్కపెట్టుకున్నాను.
ఏడు నెలలు.
ఏడు నెలలుగా ఈ వాపు మీద,
రాత్రిళ్ళు, లోయ అంచున, ఎవరో నొప్పులు పడుతున్న ఇళ్ళకి.
వెన్నులో చలి పాకింది గానీ తిట్టలేకపోయాను.

"ఒక్కటి చాలుగా?"
చాలదు. ఒకే ఇరుసుకి రెండూ ఒకేలా ఉండాలి.
"అయ్యో, కవలలా," అని పర్సు తీసింది.
సగం ఇప్పుడు, సగం జీతం వచ్చాక.
పాతదాన్ని తనకే ఇమ్మంది.
ఎందుకో అడగలేదు.
సుద్దగీత చెరపకుండా డిక్కీలో పెట్టాను.

చివరిసారి నేనే నడిపాను, ఆమె పక్కన.
తొంభై అయిదు. కాఫీ కదల్లేదు.
చిల్లర నోరు మూసుకుంది.
ఆమె కళ్ళు మూతలు పడ్డాయి, నిద్రపోయింది కాబోలు.

అప్పుడు వినిపించింది,
ఇన్నాళ్ళూ ఆ వణుకు చాటున దాక్కున్న ఇంకోటి,
కుడి ముందు చక్రంలోంచి
సన్నగా, తుమ్మెద పాటలా.
బేరింగ్.

వచ్చేవారం చెబుతాను.